గ్యాస్ సంగతి చివర చూద్దాం, ముందు ఏసీని కడిగించు

విజయవాడ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. అందుకే తీరుబడిగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాదులో మీరు కొత్తగా కొనుక్కున్న ఫ్లాటులో పాత యజమాని వదిలి వెళ్లిన ఏసీలు రెండున్నాయనీ, వాటిలో ఒకటి పాతదనీ, మరొకటి అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చుకునే కొత్త ఇన్వర్టర్ రకమనీ, పిలిస్తే వచ్చిన మెకానిక్ వాటి మూత కూడా తెరవకుండానే రెండింటికీ గ్యాస్ నింపాలని చెప్పి వెళ్లాడనీ, నింపించమంటారా వద్దా అనీ అడిగావు. ఇప్పుడే నింపించవద్దు. నా ఉద్యోగ జీవితమంతా ఏసీల మరమ్మతు పనిలోనే గడిచింది. వేసవిలో ఏసీ చల్లబరచడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పేరుకున్న దుమ్మో, పూడుకుపోయిన నీటి పైపో, మోటారుకు ఊపునిచ్చే కెపాసిటర్ బలహీనపడటమో, వదులైన వైరో అయి ఉంటుంది. గ్యాస్ వంతు ఇవన్నీ చూసిన తర్వాతే వస్తుంది.

గ్యాస్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ముందు వివరిస్తాను. ఏసీలో ఉండే గ్యాస్ బండిలో పెట్రోలు మాదిరిగా వాడేకొద్దీ ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అది లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మధ్య తిరుగుతూ, గదిలోని వేడిని మోసుకుపోయి బయట వదిలి, మళ్లీ లోపలికి వస్తుంది. ఎక్కడా కారకపోతే అదే గ్యాస్ యంత్రం పాతబడి మూలపడేదాకా సరిపోతుంది. మన ఇళ్లలో ఫ్రిజ్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది కదా, దానికి ఏటేటా గ్యాస్ నింపించిన వాళ్లెవరైనా ఉన్నారా? కాబట్టి గ్యాస్ తగ్గిందని ఎవరైనా అంటే, ఎక్కడో లీకు ఉందని ఒప్పుకున్నట్టే. ఆ లీకును కనిపెట్టి మూయకుండా పైన గ్యాస్ నింపితే అది కొన్ని వారాల్లోనో నెలల్లోనో మళ్లీ గాలిలో కలిసిపోతుంది, వచ్చే వేసవికి నువ్వు మళ్లీ డబ్బు కట్టవలసి వస్తుంది. అంతకంటే చెడ్డ సంగతి మరొకటి ఉంది. గ్యాస్ సరిగ్గానే ఉన్న యంత్రంలో ఇంకొంచెం ఎక్కించారంటే ఒత్తిడి పెరిగి, చల్లదనం తగ్గి, గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే కంప్రెసర్ మీద భారం పడుతుంది. మూత తెరవకుండా, ఒత్తిడి కొలిచే మీటరు పెట్టకుండా గ్యాస్ తగ్గిందని తేల్చడం ఎంతటి పనివాడికీ సాధ్యం కాదు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలో చెబుతాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అనేవారు. ఏసీ పని పెట్టుకోవలసిన సమయం సరిగ్గా అదే. ఆ రోజుల్లో మెకానిక్కులకు పని తక్కువగా ఉంటుంది కాబట్టి పిలిచిన రోజునే వస్తారు, ఒక్కో ఏసీ దగ్గర గంటసేపైనా ఓపికగా కూర్చుంటారు, అవసరమైన భాగం దొరక్కపోతే తెప్పించడానికి వ్యవధి ఉంటుంది. ఉగాది దాటి ఎండలు ముదిరాక అదే మనిషి రోజుకు పదిళ్లు తిరగవలసి వస్తుంది, పావుగంటలో పైపైన నీళ్లు చల్లి వెళ్లిపోతాడు. అతన్ని తప్పుపట్టడం కూడా న్యాయం కాదు, ఎండలో సజ్జల మీద నిలబడి చేసే ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు. కాబట్టి ఈ ఉత్తరం అందిన వారంలోనే పని మొదలుపెట్టు.

నువ్వు స్వయంగా చేసుకోగలిగే పని ఫిల్టర్లతో మొదలవుతుంది. దానికి ముందు ఒక్క జాగ్రత్త మాత్రం ఎప్పుడూ మరవకు. రిమోట్‌తో ఆపితే ఏసీకి కరెంటు ఆగిపోయినట్టు కాదు, గోడ మీది స్విచ్చును గానీ, ఆ ఏసీకి ప్రత్యేకంగా ఉన్న ఎంసీబీని, అంటే భారం మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చును గానీ దించిన తర్వాతే మూత ఎత్తాలి. మూత పైకెత్తగానే ఎదురుగా సన్నని జల్లెడ వంటి రెండు వలలు కనిపిస్తాయి. వాటిని కాస్త పైకి నెట్టి, వంచి, కిందికి లాగితే బయటికి వచ్చేస్తాయి. దుమ్ము పట్టిన వైపు కాకుండా వెనక వైపు నుంచి కుళాయి నీరు వదిలితే దుమ్ము వలలోకి ఇంకకుండా పొరలుగా ఊడి వస్తుంది. జిడ్డు ఉంటే, ముఖ్యంగా వంటగది పక్క గదిలో ఏసీకి తప్పకుండా ఉంటుంది, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు గోరువెచ్చని నీటిలో కలిపి మెత్తని బ్రష్‌తో రుద్దాలి. తర్వాత నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది, తిరిగి పెట్టేటప్పుడు గాడిలో కూర్చోదు. పూర్తిగా ఆరకుండా బిగిస్తే గదిలో ముక్కిపోయిన వాసన వస్తుంది.

వలలు తీసినప్పుడే వాటి వెనక ఉన్న కాయిల్‌ను టార్చి వేసి చూడు. దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా నిలబడి ఉన్న అల్యూమినియం రేకులు తెల్లగా మెరుస్తూ ఉంటే, కిందటేడు ఎవరో బాగానే కడిగించారని అర్థం. వాటి మధ్య బూడిద రంగు దుమ్ము దట్టంగా పట్టి ఉంటే మాత్రం నీటి జెట్‌తో కడిగే జెట్ సర్వీసు తప్పనిసరి. రేకులను నువ్వు చేత్తో గానీ గట్టి బ్రష్‌తో గానీ తాకకు, అవి చాలా సులువుగా వంగిపోతాయి, వంగిన చోట గాలి పోదు. కాయిల్ కింద, గాలి బయటికి వచ్చే సందులో పొడవాటి గొట్టం ఆకారంలో బ్లోయర్ కనిపిస్తుంది. చాలామంది సర్వీసు చేయించినా దీన్ని వదిలేస్తారు. దాని రెక్కల లోపలి వంపులో నల్లని మట్టి పొర పేరుకుంటే గాలి సగానికి సగం తగ్గిపోతుంది. కాయిల్ శుభ్రంగా ఉన్నా గది చల్లబడకపోతే, శబ్దం మాత్రం ఎక్కువగా వస్తుంటే, ముందు అనుమానించవలసింది ఈ బ్లోయర్‌నే.

సర్వీసుకు వచ్చిన మనిషి ఏం చేయాలో నువ్వు ముందుగానే మాట్లాడుకోవాలి. గాలి కొట్టి దుమ్ము దులిపి వెళ్లే డ్రై సర్వీసు వేసవికి ముందు సరిపోదు. లోపలి యూనిట్‌కు కింద కవరు కట్టి, ఎలక్ట్రానిక్ బోర్డును ప్లాస్టిక్‌తో కప్పి, కాయిల్‌నూ బ్లోయర్‌నూ నీటి జెట్‌తో కడిగి, కింది ట్రేను శుభ్రం చేసి, బయటి యూనిట్‌ను కూడా కడగమని స్పష్టంగా చెప్పు. కొందరు పని త్వరగా అవుతుందని యాసిడ్ కలిపిన నీళ్లు కొడతారు. అప్పటికి తళతళలాడినా అల్యూమినియం రేకులను అది తినేస్తుంది, అలా పలుచబడిన కాయిలే తర్వాత చిల్లులు పడి గ్యాస్ కారుస్తుంది. మామూలు నీరు, జిడ్డు ఉంటే కాయిల్ కోసమే తయారుచేసిన ద్రావణం చాలు. మీ అపార్ట్‌మెంటులో బోరు నీరూ, నగరం కుళాయిల్లో వచ్చే మంజీరా నీరూ రెండూ వస్తాయన్నావు కాబట్టి మంజీరా నీటితోనే కడిగించు. బోరు నీటిలోని ఉప్పు ఆరిన తర్వాత రేకుల మీద తెల్లని పొరగా మిగిలిపోతుంది. మండు వేసవిలో బయటి యూనిట్ మీద బోరు నీళ్లు చల్లితే బాగా చల్లబడుతుందని ఎవరైనా చెబితే అదే కారణంతో వద్దని చెప్పు.

కడగడం పూర్తయ్యాక నీటి దారి చూడాలి. ఒక చెంబెడు నీరు తెప్పించి, లోపలి యూనిట్ కింది ట్రేలో నెమ్మదిగా పోయించి, అవతల పైపు చివర నుంచి ఆ నీరంతా ధారగా బయటికి వస్తోందో లేదో నీ కళ్లతో నువ్వే చూడు. చుక్కచుక్కగా వస్తే పైపులో నాచు పట్టినట్టు, అసలు రాకపోతే పూడుకుపోయినట్టు. పైపు మధ్యలో ఎక్కడా పైకి లేవకుండా మొదటి నుంచి చివరి దాకా వాలుగా ఉండాలి, దాని కొస బకెట్టులోని నీటిలో మునిగి ఉండకూడదు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఏసీ నుంచి నీరు తక్కువగా వస్తుంది. నీరు రావడం లేదు, అంటే గ్యాస్ లేదు అని చెప్పేవాళ్లున్నారు, ఆ మాట నమ్మకు. మా విజయవాడ ఉక్కపోతలో రాత్రికి బకెట్టు నిండుతుంది, అదే ఏసీ మీ ఊళ్లో చెంబెడు నీరు కూడా ఇవ్వకపోవచ్చు. ఈ కారణం వల్లనే మీ దగ్గర పైపు పూడుకున్న సంగతి వేసవి అంతా బయటపడదు, తొలకరి చినుకులు పడి గాలిలో తేమ పెరిగాక ఒక రాత్రి గోడ వెంబడి నీరు కారి మంచం తడిసినప్పుడే తెలుస్తుంది.

బయటి యూనిట్ గురించి నీకూ, అల్లుడుగారికీ ఒక మాట ఖండితంగా చెబుతున్నాను. అది సజ్జ మీద గానీ, గోడకు బిగించిన స్టాండు మీద గానీ ఉంటే, దాన్ని శుభ్రం చేయడానికి మీరెవరూ కిటికీలోంచి అవతలికి దిగకండి. అది నడుముకు తాడు కట్టుకుని, ఆ పని తెలిసినవాళ్లు చేయవలసిన పని. పనివాడు తాడు లేకుండా దిగబోయినా ఒప్పుకోకండి, గంట ఆలస్యమైతే అవుతుంది. మీరు గదిలోంచే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. పావురాలు గూడు పెట్టాయేమో, వెనక రేకుల్లో ఈకలూ ఎండుటాకులూ ఇరుక్కున్నాయేమో, వానాకాలంలో కప్పిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉందేమో, స్టాండు తుప్పు పట్టిందేమో గమనించండి. ఏసీ నడిచేటప్పుడు బయటి యూనిట్‌కు వెనక కనీసం జానెడు, ముందు రెండు మూడడుగులు ఖాళీ ఉండాలి. లోపల లాగిన వేడినంతా అది అక్కడే వదలాలి కాబట్టి, ఆ వేడి పోయే దారిలేక మళ్లీ దానికే తగిలితే ఎంత కొత్త యంత్రమైనా చేతులెత్తేస్తుంది. బాల్కనీలో పెట్టి, అందం కోసం చుట్టూ చెక్క పలకలు బిగించిన ఇళ్లను నేను చాలా చూశాను, ఆ పలకలు తీయించగానే గది చల్లబడింది. స్టాండు తుప్పు పట్టి ఉంటే మాత్రం వాయిదా వేయకుండా ఈ సర్వీసులోనే మార్పించండి. కింద మనుషులు తిరుగుతుంటారు.

బయటి మూత తీసినప్పుడు లోపలి ఎలక్ట్రికల్ భాగాలు కూడా చూపించమని అడుగు. బోర్డు మీద బల్లి పడి చచ్చి ఉండటం, చీమలు గూడు కట్టడం, ఎలుకలు వైరు కొరకడం మన ప్రాంతంలో చాలా మామూలు. వాడకుండా వదిలేసిన ఏసీని వేసవి మొదట్లో ఒక్కసారిగా ఆన్ చేసినప్పుడు బోర్డు కాలిపోవడానికి ఇవే ఎక్కువగా కారణమవుతాయి. అందుకే పరిశీలన పూర్తయ్యేదాకా రెండింటిలో ఏదీ ఆన్ చేయవద్దని నీకు ఫోనులో చెప్పాను. పాత ఏసీ ఇన్వర్టర్ రకం కాదన్నావు కాబట్టి, అందులో కెపాసిటర్ అనే డబ్బా ఒకటి ఉంటుంది. దాని పైభాగం ఉబ్బినా, కంప్రెసర్ మొదలు కాకుండా గుర్రుమని శబ్దం చేసి ఆగిపోతున్నా దాన్ని మీటరుతో కొలిపించు. డబ్బా మీద ముద్రించిన మైక్రోఫారడ్ల విలువ కంటే బాగా తగ్గి ఉంటే మార్చాలి. కొన్ని వందల రూపాయల ఈ వస్తువు బలహీనపడటాన్నే గ్యాస్ అయిపోయిందనీ, కంప్రెసర్ పోయిందనీ పొరబడటం తరచూ జరుగుతుంది. కరెంటు తీసిన తర్వాత కూడా కొంతసేపు అందులో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది, కాబట్టి మీలో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

తర్వాత వైరింగు. టన్నున్నర ఏసీకి పంపిణీ బోర్డు నుంచి నేరుగా వచ్చే ప్రత్యేక లైను, 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ, సరైన ఎర్తింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ నడపకూడదు, ఒక్క రాత్రి కోసమైనా సరే. నీకు నువ్వుగా చేయగలిగే పరీక్ష ఒకటి ఉంది. ఏసీని అరగంట నడిపి, ఆపి, స్విచ్చు కట్టేశాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా లోపల స్క్రూ వదులైందని అర్థం. వేసవిలో ఏసీల దగ్గర నిప్పు అంటుకోవడం చాలాసార్లు ఇటువంటి చోటే మొదలవుతుంది. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే, పెద్దది వేయించి సరిపెట్టుకోవద్దు, తీగ మోయలేని భారం పడుతోందని అది మనకు చెబుతున్న మాటను వినాలి. ఒకేసారి రెండు ఏసీలూ, గీజరూ నడుస్తాయి కాబట్టి మీ మీటరుకు మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో కరెంటు బిల్లు మీద చూసుకుని, చాలకపోతే పెంచమని ఎండలు ముదరకముందే దరఖాస్తు పెట్టండి. స్టెబిలైజర్ విషయంలో, కొత్త ఇన్వర్టర్ ఏసీ ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. మీ వీధిలో వోల్టేజి అంతకంటే దిగుతుంటే మాత్రమే స్టెబిలైజర్ కావాలి. పాతదానికి తప్పకుండా ఉండాలి.

ఇవన్నీ అయ్యాక, అదే మనిషి ఎదుట ఏసీని పరీక్షించు. కిటికీలు, తలుపులు మూసి, రిమోట్‌లో 18 డిగ్రీలు పెట్టి, ఫ్యాను వేగం పూర్తిగా పెంచి, పదిహేను ఇరవై నిమిషాలు నడవనివ్వు. తర్వాత ఒక థర్మామీటరును ముందుగా ఏసీ పైభాగంలో, గాలి లోపలికి పోయే చోట పెట్టి చూడు, తర్వాత గాలి బయటికి వచ్చే చోట పెట్టి చూడు. రెండింటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే, గ్యాస్ మాట ఎత్తవలసిన పనే లేదు. తేడా అంతకంటే బాగా తక్కువగా ఉండి, శుభ్రం చేసిన తర్వాత కూడా బయటి యూనిట్ దగ్గర సన్నని గొట్టం మీద మంచు కడుతుంటే అప్పుడు లీకు ఉందని అనుమానించాలి.

అప్పుడు కూడా పని ఒక క్రమంలో జరగాలి. గొట్టాలు కలిసే నట్ల దగ్గర నూనె మరక ఉందేమో మొదట చూడమను, గ్యాస్ కారే చోట దానితోపాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దిగా చిమ్ముతుంది. ఆ చోట సబ్బు నురగ రాస్తే బుడగలు లేచి లీకు కంటికి కనిపిస్తుంది. కనిపించకపోతే నైట్రోజన్ ఎక్కించి, ఒత్తిడి పడిపోతోందేమో కొంతసేపు చూడాలి. లీకు మూసిన తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లోని గాలినీ తేమనూ పూర్తిగా లాగేయాలి, ఆ తర్వాతే గ్యాస్. పాత ఏసీలో ఆర్-22 అనే రకం గ్యాస్ ఉంటుంది, దానికి నడిచేటప్పుడు మీటరు మీద ఒత్తిడి 60 నుంచి 70 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా చూపిస్తే సరిపోతుంది. ఇన్వర్టర్ ఏసీలో ఆర్-32 ఉంటే కంప్రెసర్ వేగంతోపాటు ఒత్తిడి మారుతూ ఉంటుంది కాబట్టి మీటరు చూసి అంచనా వేయకూడదు, పాత గ్యాస్ తీసేసి, యూనిట్ స్టిక్కరు మీద ముద్రించిన గ్రాముల లెక్క ప్రకారం కాటా మీద సిలిండరు పెట్టి తూకంతో నింపాలి. తన దగ్గర వాక్యూమ్ పంపు, కాటా లేవనే మనిషితో ఆ పని చేయించవద్దు. ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్న గ్యాస్. పని జరుగుతున్నంతసేపూ కిటికీలు తెరిచి ఉంచి, మీ అత్తగారి దీపమూ, అగరుబత్తీ ఆ గదికి దూరంగా ఉండేట్టు చూడు. వారంటీ మిగిలి ఉందేమో కూడా ముందే చూసుకో, ఉంటే కంపెనీ సర్వీసు వాళ్లనే పిలవడం మంచిది.

ఏసీ బాగుంటే సరిపోదు, గది కూడా సహకరించాలి. మీది పై అంతస్తు. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది, ఏసీ సగం శక్తి దానితో పోరాడటానికే సరిపోతుంది. టెర్రస్ మీద ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ రూఫ్ పెయింటు గానీ, కనీసం రెండు పూతల సున్నం గానీ వేయించడానికి అపార్ట్‌మెంటు సంఘంతో మాట్లాడండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది కాబట్టి ఆ సంగతి చెబితే మిగతావాళ్లు కూడా ఆలోచిస్తారు. పడమటి కిటికీకి మధ్యాహ్నం నుంచే మందపాటి తెర వేయి, వీలైతే బయటివైపు వట్టివేళ్ల తడకో వెదురు చిక్కో కట్టించు, ఎండను అద్దం దాటకముందే ఆపడం అన్నిటికంటే మేలు. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయించు. గది పరిమాణానికి ఏసీ సరిపోతుందో లేదో కూడా లెక్క చూడాలి. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని, అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని తీసేసే శక్తి. పై కప్పు కింద ఉన్న మీ పెద్ద గదికి టన్ను చాలదు, పాత యజమాని టన్నున్నర పెట్టించడం సరైన నిర్ణయమే.

వాడకం గురించి అల్లుడుగారికి కొంచెం నచ్చజెప్పవలసి ఉంటుందేమో. 16 డిగ్రీలు పెడితే గది త్వరగా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు ఏసీ 16 పెట్టినా 24 పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 16 పెడితే ఆగకుండా నడుస్తుంది, అంతే తేడా. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు ప్రభుత్వం నిబంధన పెట్టింది, ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) చెబుతుంది. 25 లేదా 26 పెట్టి, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే పసివాడికీ, మీ అత్తగారికీ కూడా ఒంటికి సుఖంగా ఉంటుంది. గాలి నేరుగా పిల్లవాడి మంచం మీదికి రాకుండా రెక్కలను పైకి తిప్పి ఉంచు. కరెంటు పోయి వచ్చినప్పుడు వెంటనే ఏసీ వేయకుండా మూడు నిమిషాలు ఆగాలి, గొట్టాల్లో ఒత్తిడి సమానం కాకముందే కంప్రెసర్‌ను నడిపించడం దానికి మంచిది కాదు. మన బిల్లు శ్లాబుల లెక్కన పెరుగుతుంది కాబట్టి, ఒక శ్లాబు దాటితే ఆపై యూనిట్ల ధర హెచ్చుతుంది. డిగ్రీలు పెంచినందువల్ల వచ్చే లాభం అందుకే అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

చివరగా ఆ పాత ఏసీ సంగతి. ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేసే గ్యాస్ కాబట్టి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ప్రపంచమంతా దాన్ని క్రమంగా మానేస్తోంది, మున్ముందు అది దొరకడమూ కష్టమే, ధరా ఎక్కువే. పరీక్షలో దానికి లీకు లేదని తేలితే నిశ్చింతగా వాడుకోండి, బాగున్నదాన్ని పారేయమని నేను చెప్పను. కాయిల్‌కే చిల్లు పడిందనో, కంప్రెసర్ మార్చాలనో తేలితే మాత్రం దాని మీద పైసా ఖర్చు పెట్టకుండా కొత్తది కొనడం మేలు. కొనేటప్పుడు లేబుల్ మీద ఎన్ని నక్షత్రాలున్నాయో చూసి ఆగిపోకుండా, దాని కింద రాసిన సంవత్సరపు కరెంటు యూనిట్ల సంఖ్య కూడా చూడండి. అది ఏడాదికి 1,600 గంటల వాడకం లెక్కన వేసిన సంఖ్య. నక్షత్రాల ప్రమాణాలను ప్రభుత్వం అప్పుడప్పుడు పెంచుతూ ఉంటుంది కాబట్టి, దుకాణంలో పాత ఏడాది లేబుల్ ఉన్న సరుకు చవగ్గా ఇస్తామంటే పాత లేబుల్ మీదా కొత్త లేబుల్ మీదా ఉన్న కరెంటు యూనిట్ల సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాతదాన్ని విప్పేటప్పుడు గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా సిలిండరులోకి ఎక్కించి తీసుకుపొమ్మని చెప్పండి.

సర్వీసు అయ్యాక ఫిల్టర్లను వేసవి పొడుగునా రెండు వారాలకొకసారి కడుగుతూ ఉండు. మీ వీధిలో మెట్రో పనులో, కొత్త భవనాల పనులో జరుగుతుంటే వారానికొకసారి కడగవలసి వస్తుంది. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, గది అనుకున్నంత చల్లబడకపోతే కంగారుపడకు. ఏసీల సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు, 43, 44 డిగ్రీల వేడిలో ఏ యంత్రమైనా కొంత వెనకబడుతుంది, ఆ మధ్యాహ్నాలు 26, 27 డిగ్రీలకు గది వచ్చినా బాగా పనిచేసినట్టే. అటువంటి రోజు ఎవరైనా వచ్చి గ్యాస్ తగ్గిందంటే, ముందు నువ్వే థర్మామీటరు తీసుకుని ఇందాక చెప్పిన పరీక్ష మళ్లీ చేయి.

పని పూర్తయిన రోజు రెండు ఏసీల బయటి యూనిట్ల మీద ఉన్న స్టిక్కర్ల ఫొటోలూ, నువ్వు కొలిచిన రెండు ఉష్ణోగ్రతలూ నాకు వాట్సాప్‌లో పంపించు. అవి చూసి మిగతా సంగతి చెబుతాను. అల్లుడుగారికీ, మీ అత్తగారికీ నా నమస్కారాలు, చిన్నవాడికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెదనాన్న